సీటులో కూర్చున్న వక్కాకు సంచి

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే తల నెరిసి ఉండాలంటారు. నాకింకా ఒక్క వెంట్రుకా నెరవలేదు గానీ, కర్నూలు బస్సులు నా కళ్ళముందే ఒక యుగం దాటేశాయి కాబట్టి ఆ మాట వాడుకునే హక్కు నాకూ కొంత ఉందనుకుంటాను. ఆ రోజుల్లో బస్సుల కిటికీలు తెరుచుకునేవి. (సరిగ్గా చెప్పాలంటే మూసుకునేవి కావు. మా వైపు వాన ఎప్పుడో గానీ పడదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.) ఆ కిటికీలోంచి కర్చీఫో, తువ్వాలో, సంచో లోపలికి పడేస్తే ఆ సీటు మనదే. రిజిస్టరు చేయించుకున్న పొలానికైనా తగాదాలొస్తాయి గానీ కర్చీఫు వేసిన సీటుకు రావు. వేసేసి, కింద తాపీగా టీ తాగి, పండ్లు బేరమాడి, మెల్లగా ఎక్కవచ్చు. నాలాంటి నోరులేని వాళ్ళకు అది వరం. ఎవరినీ జరగమని అడగక్కర్లేదు, తోసుకోనక్కర్లేదు. మన తరఫున కర్చీఫే మాట్లాడుతుంది.

నా నోటి సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పటి నుంచీ నేను మాట్లాడవలసినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఎవరైనా ఏదైనా అంటే, దానికి తగిన జవాబు రెండు రోజుల తర్వాత చక్కటి వాక్యంగా దొరికేది. కర్నూల్లో డిగ్రీ చదివేటప్పుడు షేర్ ఆటోలే దిక్కు. దిగే చోటు రాగానే "అన్నా, ఆపన్నా" అనాలి. ఆ మాట నా గొంతుదాకా వచ్చి అక్కడే సీటు చూసుకుని కూర్చునేది. ఇంకెవరో ఆపమన్నప్పుడు వాళ్ళతోపాటు దిగి, వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఆ విధంగా కర్నూలు నగరాన్ని కాలినడకన బాగా చూశాను.

అలాంటి నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఏమిటంటే, ఇళ్ళలో నేలకు పరిచే బేతంచెర్ల బండలు అమ్మే ఒక పెద్ద దుకాణంలో ఫోన్లు ఎత్తి మాట్లాడడం. (మా ఇంట్లో ఈ వార్త విని నవ్వనివాళ్ళు లేరు.) సోమవారం పది గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావాలి, రాకపోతే ఇంకో అమ్మాయి తయారుగా ఉంది అని యజమాని ముందే చెప్పాడు. అది పోతే పత్తికొండకు తిరిగెళ్ళి చిన్నాన్న టమోటా మండీలో కూర్చోవాలి. మండీ మంచిదే గానీ దాని పక్కన జిల్లా గ్రంథాలయం లేదు. కర్నూల్లో ఉంది. నాకు ఆ ఉద్యోగం ఎందుకంత కావాలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అసలు కారణం అదే.

తొలి దినం ఒంటిగా పంపేది మంచిది కాదని మా అమ్మ తల్లి, మా అవ్వ, నాతో బయలుదేరింది. పత్తికొండ నుంచి వచ్చి కర్నూలు బస్టాండులో సిటీ బస్సు దగ్గరికి వెళ్తే, అక్కడ కొత్త బస్సు నిలబడి ఉంది. కరెంటుతో నడిచేది, లోపల చల్లగాలి వచ్చేది, తలుపులు వాటంతటవే తెరుచుకుని మూసుకునేది. జనం దాన్ని కొత్త కోడలిని చూసినట్టు చూస్తున్నారు. అవ్వ మాత్రం కిటికీనే చూసింది. కర్చీఫు గాలికి ఎగిరిపోకుండా దాన్ని వక్కలూ తమలపాకులూ ఉంచుకునే తన వక్కాకు సంచికి చుట్టి విసరడం అవ్వ పద్ధతి. ఆ గురికి మా చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. విసిరింది. సంచి అద్దానికి తగిలి ఆమె కాళ్ళ దగ్గరే పడింది. లోపల డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. అవ్వ ఇంకోసారి విసిరింది. అది తెరుచుకునే కిటికీ కాదని పక్కనున్న ఒకాయన మర్యాదగా చెప్పాడు.

"తెర్సేకి కాకపోతే కిటికీ ఎందుకు పెట్టినారప్పా?" అంది అవ్వ.

ఆయన కూడా ఆ కిటికీని కొత్తగా చూడడం మొదలుపెట్టాడు. (నేను ఇప్పటికీ చూస్తూనే ఉంటాను.) నేను కొంచెం దూరం జరిగి, గోడ మీద మొలల వైద్యం పోస్టరును శ్రద్ధగా చదువుతూ నిలబడ్డాను.

ఓటమి ఒప్పుకోవడం అవ్వకు తెలియదు. వచ్చి నా చేతిలోని సర్టిఫికెట్ల సంచి లాక్కుని, బస్సెక్కి, ఒక సీటు మీద వక్కాకు సంచినీ పక్కదాని మీద నా సంచినీ కూర్చోబెట్టి, పట్టా చేతికొచ్చిన రైతులాగా దిగి వచ్చింది. సర్టిఫికెట్లు నా దగ్గరే ఉండనీ అని అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను, బయటికి వినబడిందో లేదో. ఇక ఆచారం ప్రకారం తాపీగా ఉండాలి. తొలి దినం బోడి జడతో పోకూడదని అవ్వ కనకాంబరాలు కొలిపిస్తూ, ఆ పూలామె మూర మరీ చిన్నదని తగవు పెట్టుకుంది. నేను కొంగు పట్టి లాగాను.

"కర్చీపు ఏసినాక బస్సెట్ల పోతాది మే? యాడికీ పోదు, ఉండు" అంది.

పాత బస్సైతే నిజంగానే పోదు. దగ్గి, ఊగి, హారను కొట్టి, కండక్టరు చేత ఒళ్ళు చరిపించుకుని, డ్రైవరు ఇంకో టీ తాగి వచ్చాక గానీ కదిలేది కాదు. ఇది చెప్పిన వేళకు, పిల్లిలాగా, చప్పుడు లేకుండా తలుపులు మూసుకుని పోయింది. పూలు నా జడలోకి చేరేసరికి గేటు దాటుతోంది. లోపల మా సీట్లు మావే. మేమే లేము. బస్సులు వేళకు నడవాలని నేను డైరీలో ఎన్నోసార్లు రాసుకున్నాను. దేవుడికి ఆ పేజీ చదవడానికి ఆ రోజే తీరిక దొరికినట్టుంది.

అవ్వ ఒక షేర్ ఆటో ఎక్కించి, ఆ బస్సు వెనక పోనియ్యమంది. షేర్ ఆటో బస్సుల వెనక పోదు, మనుషుల వెనక పోతుంది. చేయి ఊపినవాళ్ళ దగ్గర ఆగింది, ఊపనివాళ్ళ దగ్గర కూడా ఆగి వస్తారా అని అడిగింది. దారి పొడవునా అవ్వ సంచిలో ఉండిపోయిన తన అడకత్తెర గురించి, అది ఆమెకు పెళ్ళిలో వచ్చిన సంగతి గురించి చెప్పి బాధపడుతోంది, ఆటోలో అందరూ ఓదారుస్తున్నారు. అదే బస్సులో నా చదువంతా పోతోందని ఎవరికీ గుర్తు లేదు. కోట బురుజు దాటాక రద్దీలో బస్సు నెమ్మదించింది, ఆటో దాని పక్కకు చేరింది. అద్దం అవతల నా సంచి, కిటికీ పక్క సీటులో, ఊరు చూడ్డానికి వచ్చినదానిలాగా కూర్చుని ఉంది.

"గట్టిగా అరుసు మే. నీది లేత గొంతు, ఇనపడతాది" అంది అవ్వ.

ఎలా వచ్చిందో తెలియదు. డిగ్రీ అంతా అనకుండా మిగిల్చిన "ఆపన్నా"లన్నీ కలిసి ఒక్కటిగా వచ్చాయి. మా ఆటో ఆగింది. వెనక ఆటో ఆగింది. ఎదురుగా వస్తున్న టమోటా లారీ ఆగింది. రోడ్డు దాటుతున్న ఒక పెద్దమనిషి ఏం తప్పు చేశాడో తెలియక మధ్యలోనే ఆగిపోయాడు. కరెంటు బస్సు మాత్రం వెళ్ళిపోయింది. అద్దాలు బిగించిన బస్సులోకి బయటి దుమ్మూ రాదు, మాటా రాదు. నా జీవితంలో మొదటి కేక అలా వృథా అయింది.

చివరి స్టాపులో, బండల దుకాణం ఎదురుగానే, జనం దిగుతుండగా పట్టుకున్నాము. లోపలికి వెళ్ళి చూస్తే రెండు సంచులూ పెట్టినచోటే ఉన్నాయి. బస్సు నిండా జనం నిలబడి వచ్చారు గానీ ఆ రెండు సీట్లలో ఎవరూ కూర్చోలేదు. టిఫిన్ క్యారియరు పట్టుకున్న ఒకామె వాటి పక్కనే, కాపలా మనిషిలాగా నిలబడి ఉంది.

"మనుషులొస్తారులే అని నేనే ఎవుర్నీ కూకోనియ్యలే. యాడికి పోయింటిరి?" అంది.

పూలు కొనడానికని అవ్వ చెప్పింది. ఆమెకు అది సబబుగానే తోచింది. సంచులకు టిక్కెట్టేదని కండక్టరు అడిగితే, "ఆడోళ్ళ సంచులప్పా, వాటికీ ఫ్రీనే" అని చెప్పిందట. నేను సంచి తీసుకుని పరుగెత్తబోతే అవ్వ రాలేదు. ఏసిన సీటులో కూకోకుండా దిగేది మర్యాద కాదని, ఖాళీ బస్సులో, చల్లగాలిలో తన సీటులో కూర్చుని, తీరిగ్గా ఒక వక్క కత్తిరించుకుని నోట్లో వేసుకున్నాకే లేచింది.

దుకాణంలో యజమాని గడియారం వైపు చూసి, ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. చెప్పబోయాను. ఆ కేకతో గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన, బండ పగిలిందని తిట్టేవాళ్ళ ఫోన్లే ఎక్కువ వస్తాయని, ఎదురు మాట్లాడని మనిషి కోసమే వెతుకుతున్నానని, వెళ్ళి కూర్చోమని చెప్పాడు. ఆ విధంగా నా ఉద్యోగమూ, నా గ్రంథాలయమూ దక్కాయి.

ఇప్పుడు బస్సు ఎక్కడుందో ఫోనులో కనబడుతుంది. (రెండు నిమిషాల్లో వస్తుందని చెబుతుంది. అలా చాలాసేపు చెబుతుంది.) ఆపమని అరవనక్కర్లేదు, మీట నొక్కితే చాలు. మొన్న గ్రంథాలయం నుంచి వస్తుంటే బస్సు నిండిపోయి ఉంది. ఒక సీటు మీద ఒంటరిగా ఒక సంచి. ఒక కాలేజీ అమ్మాయి దాన్ని పక్కకు జరపబోయింది. నాకే తెలియకుండా, బస్సంతా వినబడేట్టు, "ఈడ మనుషులొస్తారు మే" అన్నాను. ఆ పిల్ల చేయి వెనక్కి తీసుకుంది. ఇద్దరం నిలబడే ఉన్నాము. కాసేపటికి ఎదురు సీటాయన లేచి, ఆ సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు. ఒళ్ళో బరువని అక్కడ పెట్టుకున్నాడట.

ఆ పిల్ల నా వైపు చూసింది. చదువుతూ నిలబడదామంటే కొత్త బస్సులో పోస్టర్లు కూడా లేవు. తెరుచుకోని కిటికీ వైపు తిరిగాను. చీకటి పడుతున్న అద్దంలో నా ముఖమే కనిపించింది. నాకు అవ్వ ముక్కు వచ్చిందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.