అన్న పెట్టిన అతుకు

ముత్తుకూరులో యెహోషువ దగ్గర కారు బాగుచేయించుకోవాలంటే ముందు నాలుగు తిట్లు తినాలి. బండిని ఎవరు పాడుచేశారో ఆయన మొదట తేలుస్తాడు. చాలాసార్లు అది యజమానే. అయినా జనం వస్తారు, ఎందుకంటే చేయి మంచిది. నోటి సంగతి దేవుడెరుగు.

ఆ రోజు తిట్లు తినడానికి అల్లూరు రొయ్యల రైతు పెంచలప్రసాద్ వచ్చాడు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, ఆయన టర్బో కారు ఆగిపోతోంది. హైవే మీద లారీ ముందు ఆగిందట, చచ్చి బతికానన్నాడు. యెహోషువ బానెట్ ఎత్తి పళ్ళు కొరికాడు. కాలు తీసినప్పుడల్లా బుస్సుమని మోగాలని గాలిని బయటికి వదిలే వాల్వొకటి బిగించి ఉంది. ఇంజిన్‌లోకి పోయే గాలిని సెన్సార్ ముందే కొలిచి కంప్యూటర్‌కు చెప్పేస్తుంది. ఆ గాలిని తర్వాత ఈ వాల్వు బయట పారబోస్తుంది. లేని గాలికి పెట్రోలు పోస్తే ఏ ఇంజిన్ అయినా ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది.

"ఆ బుస్సు పీకేస్తా."

"అది పీకేస్తే ఇంక ఈ కారెందుకన్నా నాకు?"

"బుస్సే కావాలంటే పామును సాక్కోకపోయినావా? సరే, సెన్సార్‌ను వాల్వు దాటినాక, ఇంజిన్‌కు దగ్గరగా పెట్టాల. అప్పుడు మిగిలిన గాలినే కొలుస్తాది."

అక్కడ పెట్టాలంటే టర్బో గాలిని ఇంజిన్‌లోకి తోసే అల్యూమినియం గొట్టానికి సెన్సార్ కూర్చునే గూడు అతకాలి. అల్యూమినియం అతకడం వచ్చినవాడు ఊళ్ళో ఒక్కడే, యెహోషువ అన్న ఫ్రెడ్డీ.

అన్నదమ్ములు ఒకప్పుడు ఒకే షెడ్డులో పనిచేశారు. ఒక ఇంజిన్ తిరగకుండా బిగుసుకుపోతే, తప్పు తమ్ముడిదేనని ఫ్రెడ్డీ బండి యజమాని ముందే అన్నాడు. తప్పు నిజంగా తమ్ముడిదే, అసలు మంట అదే. అప్పటి నుంచి మాటల్లేవు. చర్చిలో చెరో మూల కూర్చుంటారు, బొగ్గు దుమ్ము రేగే వీధిలో ఎదురుపడితే తలలు తిప్పుకుంటారు. తప్పనిసరైతే యెహోషువ భార్య ఎలిశబెతును మధ్యన పెట్టుకుని మాట్లాడతారు.

గొట్టాన్ని మద్రాసుకైనా పంపిస్తాను గానీ ఆ గడప తొక్కనన్నాడు యెహోషువ. "మళ్ళీ కలవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు, పదండి," అంది ఎలిశబెతు. ఆయన ఆమె వెంట పోయాడు. ఎంత ఎగిరినా ఆయనకు అన్న కావాలి. ఆ మాట పైకి అనడం కంటే నాలుక కోసుకోవడం నయమనుకునే రకం, అంతే.

"బావగారూ, దీనికి గూడు అతకాలంట," అంది ఎలిశబెతు.

"గాలి ఎటు పోతాదో గుర్తు పెట్టమనమ్మా," అన్నాడు ఫ్రెడ్డీ.

"పెట్టినానని చెప్పు," అన్నాడు పక్కనే ఉన్న తమ్ముడు.

అతకడం అయిపోయాక ఫ్రెడ్డీ గొట్టం లోపలికి చూపించాడు. "లోపల అతుకు పొడుగునా గట్టు లేచినట్టు ఉండాది, దాన్ని ముట్టుకోవద్దని చెప్పు. బలమంతా దాంట్లోనే ఉండాది." తర్వాత ఎవరినీ మధ్యన పెట్టకుండా తమ్ముడి వైపే చూసి అన్నాడు. "బిగించినాక కబురు చెయ్యి. వచ్చి చూస్తా."

యెహోషువ ఆ పూట ఎవరినీ తిట్టలేదు. కానీ షెడ్డుకొచ్చి గొట్టంలో వేలు పెట్టేసరికి పాత విషం పైకొచ్చింది. ఈ గట్టుకు తగిలి గాలి సుడి తిరుగుతుంది, సెన్సార్ తప్పు కొలుస్తుంది, చెడ్డపేరు నాకొస్తుంది. అన్న కావాలనే వదిలాడు. అలా అనుకుంటూ ఆకురాయి తీసుకుని గట్టును నున్నగా అరగదీశాడు.

మర్నాడు బిగించాక కబురు వెళ్ళింది. ఫ్రెడ్డీ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెంచలప్రసాద్ పోర్టు రోడ్డు మీద ఒక చుట్టు చుట్టి వచ్చాడు. బుస్సుమంది, ఇంజిన్ ఆగలేదు. ఆ సంబరంలో ఇంకోసారి బయల్దేరి గట్టిగా తొక్కాడు. మలుపు దాటకముందే ఢామ్మంది, కారు నిలిచిపోయింది. చూస్తే గొట్టం అతుకు దగ్గర చీలి ఉంది.

"ఏందన్నా ఇది?" అన్నాడు పెంచలప్రసాద్. వీధి వీధంతా చూస్తోంది.

ఫ్రెడ్డీ తమ్ముడి ముఖంలోకి చూశాడు. నేనే అరగదీశానని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. యెహోషువకు ఆ సంగతి తెలుసు.

"అతుకు ఊడింది. అతికినాయన్నే అడుగు," అన్నాడు.

ఫ్రెడ్డీ గొట్టం విప్పి లోపల వేలు పెట్టాడు. ఆకురాయి గీతలు తగిలాయి. గొట్టాన్ని తన షెడ్డుకు తీసుకెళ్ళి, గట్టు లేచేలా మళ్ళీ అతికి పెంచలప్రసాద్ చేతికిచ్చాడు. వెనకే వచ్చిన యెహోషువ గడప అవతల ఆగిపోయాడు.

"మీ తమ్ముడు బిగిస్తాడు గదా?" అన్నాడు పెంచలప్రసాద్.

"నాకు తమ్ముడెవరూ లేరు సార్," అన్నాడు ఫ్రెడ్డీ. "నెల్లూరులో మంచి మెకానిక్కులు ఉండారు. అక్కడ బిగించుకోండి."