తడి గోనెసంచి మీద లాప్‌టాప్

ఆ రోజుల్లో తాండూరులో లాప్‌టాప్ అంటే పీటల మీది పెళ్లికొడుకే. అందరూ చుట్టూ చేరి చూసేవాళ్లు గానీ తాకేవాళ్లు తక్కువ. తాకినదాన్ని నేను. అందుకే కాబోలు, మా చుట్టాల్లో నలుగురు కూడితే ఇప్పటికీ ఒకటే కథ: "ఇది లాప్‌టాప్ విప్పి మెమరీ ముక్క పెట్టింది, మిషన్ సచ్చింది." ఆ కథ తప్పు. తప్పని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. (మా ఆయనైతే నేను మొదలుపెట్టగానే లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి నా ముందు పెడతాడు.) అందుకే రాసిపెడుతున్నాను. రాస్తుంటే మధ్యలో అడ్డం వచ్చేవాళ్లు ఉండరు కదా.

డిగ్రీలో కంప్యూటర్లు చదివి వికారాబాద్‌లో ఇంట్లో కూర్చుంటే, తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ నడిపే మా మేనమామ పనికి పిలిచాడు. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. మామ దగ్గర ఒక సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఉండేది. బండలు పరిచాక హాలు ఎలా ఉంటుందో కొనేవాళ్లకు అందులో బొమ్మ చూపించడం నా పని. ఒక్కో బొమ్మ తెరుచుకునేలోపు చాయ్ తాగి గ్లాసు కూడా కడిగి పెట్టొచ్చు. మెమరీ తక్కువైంది, ఇంకో ముక్క వేద్దామని పోరు పెట్టాను.

"మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతవ్ పిల్లా?"

"నడుస్తలేదు మామా, పాకుతున్నది."

"సరే. ఖరాబైతే మాత్రం రేపటి నుంచి రైలెక్కకు. మీ అమ్మ పక్కన కూసొని చింతపండు గింజలు తీయి."

నాకు చింతపండు మీద పగ లేదు, గింజల మీదే ఉంది.

అడుగు మూత విప్పి, వేలెడు పొడవున్న ఆ పచ్చని ముక్కను గాడిలో ఏటవాలుగా దూర్చి, టక్కుమనేదాకా నొక్కాను. బొమ్మలు చకచకా తెరుచుకున్నాయి. అంతటితో ఆగితే నేనెందుకవుతాను! కరెంటు వస్తూ పోతూ ఉండేది, బ్యాటరీ ముసలిది. అందుకని కాసేపు ఎవరూ ముట్టకపోతే లాప్‌టాప్ దానంతటదే పడుకునేలా పెట్టాను. అప్పుడు తెర, ఫ్యాను అన్నీ ఆగిపోతాయి. మెమరీ ఒక్కటే రవ్వంత కరెంటుతో మేలుకుని, సగంలో ఉన్న పనంతా పట్టుకుని కూర్చుంటుంది. (ఇంటిల్లిపాదీ పడుకున్నాక పాలు తోడుపెట్టే ఆడదానిలా. ఈ పోలిక అప్పుడు తోచలేదు, ఇప్పుడు తోస్తోంది.)

"సచ్చిందనుకోకు మామా, పండుకుంటది. ఏదన్న ఒక మీట కొడితే లేస్తది" అని మరీ చెప్పాను.

"ఎరుకే పో" అన్నాడు.

కర్ణాటకలోని సేడం దిక్కు నుంచి ఒక షావుకారు, ఫంక్షన్ హాల్ కడుతున్నాయన, బండలు చూడడానికి వచ్చాడు. బొమ్మ తెరిచి పెట్టి, నమూనా ముక్కలు తేవడానికి వెనక షెడ్డులోకి వెళ్లాను. మామ తన రాయి గొప్పతనం అందుకున్నాడు. ఆయన అందుకుంటే మనుషులే కునుకు తీస్తారు, లాప్‌టాప్ ఎంత! తెర నల్లబడింది.

నేను తిరిగొచ్చేసరికి బల్ల మీద తడి గోనెసంచి, దాని మీద జ్వరమొచ్చిన మనిషిలా లాప్‌టాప్. బండల మిషన్లతో బతికినవాళ్ల వైద్యం అది: బ్లేడు వేడెక్కితే నీళ్లు, మోటారు వేడెక్కితే తడి గోనెసంచి. లాప్‌టాప్ అడుగు మామ చేతికి వేడిగా తగిలింది, తెర చూస్తే ఆరిపోయింది, ఇంకేం ఆలోచిస్తాడు?

"గిదేంది మామా!"

"కాలిపోతున్నది బిడ్డా, జర చల్లబడనీ."

"ఏనాయ్తు?" అన్నాడు షావుకారు కన్నడంలో, ఏమైందని. అడుగు కన్నాల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. మీట కొట్టాను. లేవలేదు. అన్ని మీటలూ కొట్టాను.

"నీ మెమరీ ముక్కనే తిన్నది దీన్ని" అన్నాడు మామ.

నేనూరుకున్నానా? మెమరీ వేరు, కరెంటు పొదుపు వేరు, నీళ్లు వేరు అని అక్కడే పాఠం ఎత్తుకున్నాను. పాఠం సగంలో ఉండగానే షావుకారు లేచి షెడ్డులోకి నడిచాడు. చెప్పులు విడిచి ఒక బండ మీద నిలబడి, పాదంతో రాసి చూసి, ఇదే పంపమన్నాడు. బొమ్మ ఊసే ఎత్తలేదు. (అంటే నేనూ, లాప్‌టాప్, మెమరీ, ఎవరమూ అక్కర్లేదని తేలింది.)

సాయంత్రం మామ నన్ను స్కూటర్ మీద స్టేషన్లో దింపాడు. "రేపు రాకు బిడ్డా" అన్నాడు. రైలు కదిలేదాకా కిటికీ ఊచల మధ్య నుంచి వాదిస్తూనే ఉన్నాను. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి తల ఊపుతూనే ఉన్నాడు. మర్నాటి నుంచి చింతపండు.

మొన్న ఆయన్ను చూడడానికి తాండూరు వెళ్లాను. ముసలాయన అయిపోయాడు. ఫోనులో పాత యూనిట్ ఫొటో తెరిచి చూపిస్తూ, నా ముందే మళ్లీ మొదలుపెట్టాడు: "గిదే షెడ్డుల నువ్వు మెమరీ ముక్క పెట్టి..." వాదించే ఓపిక లేదు నాకు. బస్సులో నిలబడి వచ్చాను, నడుము పట్టేసింది. ఊరికే ఆయన చేయి చూస్తూ కూర్చున్నాను. మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో తెరను మధ్యమధ్య మెల్లగా తడుతున్నాడు.

"ఎందుకు మామా గట్ల తడుతున్నవ్?"

"లేకుంటే పండుకుంటది బిడ్డా" అని, కథలోకి వెళ్లిపోయాడు.

"పండుకుంటది" అన్నది నా మాటే, అక్షరం పొల్లుపోకుండా. నవ్వొచ్చింది. రైలు కిటికీ ఊచలు పట్టుకుని అరిచిన ఆ పిల్ల కళ్ల ముందు మెదిలింది. దాని నోటికి ఎంత బలముండేదో! దాని తరఫున నేను అడగాల్సింది ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రం ప్లాట్‌ఫారం మీద మామ తల ఊపింది నా మాట నమ్మేనా, లేక రైలు తొందరగా కదలాలనా?