సున్నా వేసిన చోట

2003. కాకినాడలో రొయ్యల చెరువుల నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకు కంట్రోలర్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. సర్క్యూట్ తయారీకి ముందు దాన్ని కంప్యూటర్ మీద నడిపి చూస్తాం. అది సిమ్యులేషన్. ఏ సిగ్నల్ ఎప్పుడు సున్నా అయిందో, ఎప్పుడు ఒకటి అయిందో గీతలుగా చూపించేది వేవ్‌ఫామ్. ఆ పని సత్యవతి గారు చూసేవారు. నరసాపురం ఆవిడ, తక్కువ మాట్లాడేవారు.

ఆ వేసవిలో భీమవరం వైపు రెండు చెరువుల్లో కరెంటు పోయి వచ్చాక ఏరేటర్లు తిరగలేదు. రొయ్యలన్నీ చచ్చి తేలాయి. కరెంటు తిరిగొచ్చినప్పుడు మా సర్క్యూట్‌లో లెక్కపెట్టే ఒక కౌంటర్ సున్నాకి రావడం లేదని తేలింది. సత్యవతి గారు సరిగా పరీక్షించలేదని మేనేజరు గారన్నారు. ఆ సిగ్నల్ సిమ్యులేషన్‌లో ఎర్రగీతగా రావడం అప్పుడే చూపించానని, హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదని ఆవిడ చెప్పారు.

రుజువు ఆ సిమ్యులేషన్ పాత ఫైల్లో ఉంది. అది తన సొంత సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోదు. దాని లైసెన్స్ గడువు అయిపోయింది, అమ్మిన కంపెనీ మూతపడింది. ఫైలు లోపలి అమరిక ఎక్కడా రాసి లేదు. డేటా బయటికి తీసే పని నాకు అప్పగించారు.

పదిరోజులు ఆ బైట్లు చూస్తూ కూర్చున్నాను. సిగ్నల్ పేర్లు దొరికాయి, సమయాలు దొరికాయి. విలువలకి నాలుగు రకాల గుర్తులున్నాయి. సున్నా ఏదో, ఒకటి ఏదో తెలిసింది. మిగిలిన రెండూ అర్థం కాలేదు. ఖాళీ నింపడానికి పెట్టుంటారులే అనుకుని, అవి వచ్చిన చోటల్లా సున్నా రాయమని ప్రోగ్రాంకి చెప్పాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం అనిపించలేదు.

ప్రింట్లు మేనేజరు గారి బల్లమీద పరిచాం. కౌంటర్ బుద్ధిగా సున్నాకి వచ్చినట్టే ఉంది. సత్యవతి గారు ఒకచోట వేలు పెట్టి, "ఇక్కడ ఎర్రగీత ఉండాలండి. నేను కళ్ళారా చూశాను," అన్నారు.

"ఫైల్లో ఉన్నదే వచ్చిందండి," అన్నాను.

ఆవిడ వేలు తీసేశారు. ఆ వారమే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు.

మరుసటేడు ఇంకో పాత ఫైలుకి అదే ప్రోగ్రాం వాడాను. దాని అసలు వేవ్‌ఫామ్ ప్రింటు బీరువాలో ఉంటే పక్కన పెట్టి చూశాను. అందులో ఎక్స్ అని ఉన్నచోట నా కాగితంలో సున్నా ఉంది. ఎక్స్ అంటే విలువ తెలియదని అర్థం. స్క్రీన్ మీద ఎర్రగీతగా కనిపించేది అదే. ప్రోగ్రాం సరిచేసి సత్యవతి గారి ఫైలు మళ్ళీ తీశాను. ఆవిడ వేలు పెట్టిన చోటే ఎక్స్ ఉంది.

మేనేజరు గారికి చెబితే, అయిపోయినదాన్ని ఇప్పుడు తవ్వడం ఎందుకన్నారు. కొత్త ప్రింటు పట్టుకుని నరసాపురం బస్సెక్కాను. ఆవిడ అక్కడ ఒక స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు. నేను చేసిందంతా చెప్పాను. ఆవిడ కాగితం అందుకుని మళ్ళీ ఆ చోటే వేలు పెట్టారు.

"తప్పు చదివారని కాదండి నా బాధ. రెండు గుర్తులు అర్థం కాలేదని ఆరోజు ఒక్కమాట అనుంటే, అవేంటో నేనే చెప్పేదాన్ని కదా."

ఉద్యోగానికి తిరిగి రమ్మనే అధికారం నాకు లేదు. ఆవిడా అడగలేదు. టీ ఇచ్చి పంపించారు.

ఆ తర్వాత నేను రాసిన ఏ ప్రోగ్రామైనా, అర్థంకాని గుర్తు ఎదురైతే అక్కడే ఆగి, ఇది నాకు తెలియదని చెబుతుంది. ఆ మాట నలుగురిలో అనడం నేనూ నేర్చుకున్నాను. కాకపోతే ఒక మంచి ఇంజనీరుకి ఉద్యోగం పోయాక నేర్చుకున్నాను.