సుప్రియ మోచెయ్యి

సుచిత్ర ఏం చదువుతోందో ఆ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియదని ఒప్పుకుంటారా మరి? ఎవరికి తోచింది వాళ్ళు చెప్పేవాళ్ళు. తండ్రి రామస్వామి సిటీ బస్సు కండక్టరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కే తెలిసినవాళ్ళు అడిగితే, "డాక్టర్ కోర్సే, కాకపోతే సూది ఉండది" అనేవాడు. పోచంపల్లి నుంచి వచ్చే మేనత్తలకు ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. "మాలిష్ చేసుడు నేర్చుకోనీకి యూనివర్సిటీ ఏందే పిల్లా? మనిండ్లల్ల ముసలోళ్ళందరికీ ఒస్తది గదా!" అని ఒకరి భుజం మీద ఒకరు చరుచుకుని నవ్వేవాళ్ళు.

మొదట్లో సుచిత్ర ఓపిగ్గానే చెప్పింది. ఫిజియోథెరపీలో పై చదువని, ఆటల్లో దెబ్బ తగిలిన కీలుకూ కండరానికీ మళ్ళీ బలం తెచ్చి మనిషిని మైదానంలోకి దింపడమని, ఎప్పుడు కదిలించాలో ఎప్పుడు అసలు ముట్టుకోకూడదో తెలుసుకోవడమే అందులో సగం చదువని చెప్పింది. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఒకరోజు అన్నం తింటుండగా తల్లి అండాలమ్మ మళ్ళీ అదే అడిగింది.

"అంటే మాలిషే గదనే?"

"ఔనమ్మా, మాలిషే. నన్ను తిననియ్యి."

విసుగులో అన్న మాట. అండాలమ్మ మాత్రం దాన్ని వరంలాగా అందుకుంది. ఆమె పుట్టింట్లో అందరూ మగ్గం మీద కూర్చున్నవాళ్ళే. పొద్దంతా నేసి లేచిన తండ్రికీ అన్నలకూ మాపటికి నూనె కాచి భుజాలు పిసకడం చిన్నప్పటి నుంచీ ఆమె పని. అండాలు చెయ్యి పడితే నొప్పి పారిపోతుందని వాడకట్టులో పేరు. ఏ పనికి తనకు ఒక్క రూపాయి రాలేదో, ఆ పనే తన కూతురు యూనివర్సిటీలో చదువుతోందంటే ఆ తల్లికి ఎంత గర్వంగా ఉంటుంది! కూరగాయల బండి దగ్గర కూడా ఆ సంగతి చెప్పకుండా ఇంటికి వచ్చేది కాదు.

ఇక సుప్రియ. సుచిత్ర కంటే చిన్నది, ఇంటర్ చదువుతోంది. పొడుగ్గా, చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతూ ఉండేది. జావెలిన్ విసిరేది. పొద్దున్నే సరూర్‌నగర్ మైదానానికి పోయి ఈటె విసిరి వచ్చి, ఇంట్లో చెప్పులూ చీపుర్లూ విసిరి తిట్లు తినేది. రాష్ట్ర జూనియర్ పోటీల్లో రెండో స్థానంలో నిలిచింది. వచ్చే డిసెంబరులో జాతీయ పోటీలకు పంపిస్తానని కోచ్ మాటిచ్చాడు. అసలు సుచిత్ర ఆటల దెబ్బల చదువు ఎంచుకున్నదే దీని కోసం. "నువ్వు ఇసురు. చెడిపోతే నేను బాగు చేస్త" అని చెల్లెలికి ధైర్యం చెప్పేది.

రెండు వేల పదకొండు ఆగస్టులో, వాన వెలిసిన పొద్దు, పరుగెత్తుకొచ్చి విసరబోతూ సుప్రియ కాలు జారింది. కుడి చెయ్యి నేలకు ఆనించి పడింది. మోచెయ్యి కీలు తప్పింది. దవాఖానలో కీలు కూర్చోబెట్టి పిండికట్టు వేశారు. కట్టు విప్పినరోజు డాక్టరు, ఎముకకు ఏమీ కాలేదని, జాగ్రత్తగా కదిలించుకుంటే డిసెంబరుకు కాకపోయినా ఆ వచ్చే ఏడాదికి ఈటె పట్టొచ్చని చెప్పాడు. వారం వారం తెచ్చి చూపించమన్నాడు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచి వచ్చింది.

సుచిత్ర ఆ సాయంత్రం నుంచే పనిలోకి దిగింది. నగరానికి అవతలి కొసన ఉన్న కాలేజీ నుంచి రెండు బస్సులు మారి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. "నీ చెయ్యి నువ్వే వంచాలె, నువ్వే చాపాలె. ఎంత ఒస్తే అంత. ఎవ్వరితోని గుంజిచ్చుకోవద్దు" అని నేర్పింది. కొద్దిరోజుల్లోనే సుప్రియ వేళ్ళు బుగ్గను అందుకున్నాయి. ఆ రోజు అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ సంబరంతో ఏడ్చారు.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటలేదు. అన్నేళ్ళూ చిల్లర కోసం అందరితో మాటలు పడ్డ రామస్వామి, సమ్మె టెంటులో మైకు పట్టుకుంటే జనం చప్పట్లు కొట్టారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసినరోజు, పెద్ద గంటె పట్టి సాంబారు కలిపింది ఆయనే. ఇంటికి వచ్చి, "బిడ్డా, ఒక్కసారి తెలంగాణ ఒచ్చినాక సూడు" అంటుంటే ఆ ముఖం వెలిగిపోయేది. సుచిత్రకు తండ్రిని చూస్తే ముచ్చటేసేది. ఆమెకు మాత్రం ఆస్పత్రి డ్యూటీ తప్పదు. బస్సుల్లేక రోజూ రాకపోకలు కుదరవు. బట్టలు సర్దుకుని కాలేజీ పక్కన స్నేహితురాలి హాస్టల్ గదిలో చేరింది.

ఫోనులో చెల్లెల్ని రోజూ అడిగేది.

"చెయ్యి ఎట్లుందే?"

"జర గట్టిగైనట్లుందక్కా. నొప్పి గూడ ఉంది."

"నేను చెప్పినట్లు చేస్తున్నవా? చెకప్‌కు పోయిన్రా?"

"చేస్తున్న. సమ్మె అయినాక తీస్కపోతా అన్నడు నాయిన. నువ్వు పరేషాన్ కాకు, అమ్మ ఉంది గదా."

అమ్మ ఉంది కదా అని సుచిత్ర కూడా నిమ్మళపడింది. పడదా మరి?

అక్టోబరు నడుమ బస్సులు కదిలాయి. ఆ మరునాడే సుచిత్ర ఇల్లు చేరింది. తలుపు తీసిన అండాలమ్మ ముఖంలో, పరీక్ష బాగా రాసి వచ్చిన పిల్లకుండే సంబరం.

"నువ్వు లేవు గదా, నీ పని నేనే చేసిన. పొద్దున, మాపు, నూనె కాచి మంచిగ పిసికిన. ఏడ్సింది, మొత్తుకుంది. నేను ఇడిసిపెడ్తనా? గట్టిపడ్డదని ఇంకింత పిసికిన. సూడు పో."

సుచిత్ర సంచీ అక్కడే వదిలేసి లోపలికి పోయి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. మోచెయ్యి వేడిగా ఉంది. ముందు వైపు, మెత్తగా ఉండాల్సిన కండలో, రాయిలాగా ఏదో తగిలింది. చెయ్యి మడతలోనే బిగుసుకుపోయింది. వంగదు, సాగదు.

"అక్కా, గంత గట్టిగ పట్టుకోకే, నొప్పైతుంది" అంది సుప్రియ నవ్వుతూ. ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది.

మరునాడు తన కాలేజీ ఆస్పత్రికే తీసుకుపోయింది. ఎక్స్‌రేలో కండ ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు కనిపించింది. సుప్రియను బయట కూర్చోబెట్టి, సుచిత్రకు పాఠాలు చెప్పే భానుమూర్తి గారు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని అడిగారు. ఆయనది గుంటూరు వైపు.

"ఎవరమ్మా పిసికింది?"

"మా అమ్మ సార్."

"దెబ్బ తిన్న మోచేతిని పిసికితే కండలో ఎముక పుడుతుంది. నీకు తెలియని సంగతా? పోయిన పరీక్షలో అందరికంటే బాగా రాసింది నువ్వేగా. ఇంట్లో చెప్పలేదా?"

చెప్పలేదు. గుంజొద్దని చెప్పింది కానీ, నూనె ముట్టించొద్దని చెప్పలేదు. ఆ ఇంట్లో నూనె అంటే మంచినీళ్ళతో సమానం. మంచినీళ్ళు తాగొద్దని ఎవరికి తోస్తుంది? పైగా మాలిషే అని తల్లికి తన నోటితో తనే చెప్పింది. ఆ మాట గుర్తొచ్చి ఆమెకు ఏడుపు ఆగలేదు.

"ఇక జావెలిన్ సంగతి?" అని అడిగింది చివరికి.

భానుమూర్తి గారు తల అడ్డంగా ఊపారు. "ఆ ఎముక ముదిరాక తీయించొచ్చు. అన్నం తినడానికీ రాసుకోవడానికీ వస్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లో మెల్లగా చెప్పమ్మా."

మెల్లగా చెప్పాలట! ఎలా చెప్తుంది? గుమ్మంలోనే నిలబడి ఉంది అండాలమ్మ. ఆ వెనక రామస్వామి. "ఏమన్నరే? తక్కువైతదన్నరా?" అని తల్లి ఆత్రంగా చేతులు పట్టుకుంది. ఆ చేతులకు ఇంకా నువ్వుల నూనె వాసన. సుచిత్ర నోటికి నిజం రాలేదు.

"లేటయిందన్నరమ్మా. వారం వారం తెచ్చి చూపిస్తే తక్కువయ్యేదన్నరు. ఇగ ఈటె ఇసురుడు కాదన్నరు. కొత్త మందు ఇచ్చిన్రు, దానికి నూనె పడదట. నూనె ముట్టించకు."

తల్లిని కాపాడుకున్నాననుకుంది పిచ్చిది. కొంత తనను తాను కూడా కాపాడుకుంది, అదీ నిజమే. ఆ మాట పోయి ఎవరికి తగులుతుందో ఆ క్షణాన ఆలోచించలేదు. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. సుప్రియ స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. రామస్వామి మాత్రం నిలబడ్డచోటే నిలబడి, "బస్సులు లేకుండె" అన్నాడు. కొంచెం ఆగి, "బస్సులు ఆపింది నేనే గదా" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన మునుపటి మనిషి కాడు. డ్యూటీకి పోయేవాడు, వచ్చేవాడు. తోటి కండక్టరు జంగయ్య సభలకు రమ్మంటే పని ఉందనేవాడు. టీవీలో ఉద్యమం వార్తలొస్తే లేచిపోయేవాడు. ఏడాది దాటాక సుప్రియకు ఆపరేషన్ చేయించారు. చెయ్యి కొంత వచ్చింది, నోటి దాకా అన్నం ముద్ద అందింది. తల వెనక్కి మాత్రం అందలేదు. రోజూ పొద్దున అండాలమ్మే జడ వేసేది. ఆ పిల్ల తన ఈటెను మైదానంలో ఎవరికో ఇచ్చేసి, డిగ్రీలో కామర్స్ తీసుకుంది. మైదానం ఉన్న దారిన పోవాల్సి వస్తే సందుల్లోంచి చుట్టు తిరిగి పోయేది. సుప్రియ ఎడమచేత్తో చాయ్ గ్లాసు అందిస్తే, తండ్రి ఆమె ముఖం చూడకుండా తీసుకునేవాడు. అది చూసినప్పుడల్లా సుచిత్ర, ఇవాళ చెప్పేస్తా, రేపు చెప్పేస్తా అనుకునేది. చెప్తే తల్లి ఏమవుతుందోనని మళ్ళీ మింగేసేది. చదువు పూర్తయి ఉద్యోగం వచ్చింది. క్లినిక్కులో ఎవరి మోచెయ్యి పట్టుకున్నా ముందుగా అడిగేది, ఇంట్లో ఎవరైనా నూనె పెడుతున్నారా అనే.

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసైంది. ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోడ్డంతా గులాల్. డప్పులు, పటాకులు, ఒకరినొకరు ఎత్తుకుని తిప్పడాలు! జంగయ్య వచ్చి వాకిట్లో నిలబడి అరిచాడు.

"రామస్వామన్నా, ఇయ్యాల గూడ ఇంట్లనే కూసుంటవా? సాంబారు కలిపిన చెయ్యి నీది. రా!"

"నువ్వు నడువు జంగన్నా. నాకు పానం బాగలేదు" అని రామస్వామి డాబా మీదికి ఎక్కిపోయాడు. సుచిత్ర వెనకే పోయింది. ఆయన పిట్టగోడ పట్టుకుని రోడ్డు కేసి చూస్తున్నాడు.

"పో నాయినా. నువ్వు తెచ్చిన తెలంగాణ గది."

"బిడ్డ చెయ్యి ఇచ్చి తెచ్చుకున్న. ఏం ముఖం పెట్టుకొని పోవాలె?"

ఇక ఆమె వల్ల కాలేదు. అంతా చెప్పేసింది. నూనె సంగతి, పిసికితే ఎముక పుడుతుందన్న సంగతి, ఆ రోజు తానాడిన అబద్ధం, విసుగులో తల్లితో అన్న మాట, అన్నీ. చెకప్‌కు పోయినా పిసుకుడు ఆగకపోతే ఇంతే అయ్యేదని చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. చెప్పాక ఒక దెబ్బ వేసినా బాగుండుననుకుంది. ఆయన వేయలేదు. పిట్టగోడ వదిలి ఆమె వైపు తిరిగాడు.

"మీ అమ్మకు ఎరికేనా?" అన్నాడు.

"లేదు."

"ఎరిక కానియ్యకు."

"గట్లెట్ల నాయినా? చెయ్యని తప్పు నువ్వెందుకు మొయ్యాలె?"

"నాకు మోసి మోసి అలవాటైంది. ఆమె మొయ్యలేదు బిడ్డా. తన చేతులతోనే చేసిందని తెలిస్తే, ఆ చేతులతోని ఇగ అన్నం గూడ కలుపుకోదు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అండాలమ్మ గిన్నెలో చక్కెర పట్టుకుని పైకి వచ్చింది. జంగయ్య ఇంకా కిందే ఉన్నాడని, పిలిచి పిలిచి గొంతు పోయిందని చెప్పింది. తర్వాత మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇగ చాలు. ఎన్నాళ్ళు గిట్ల ముఖం మాడ్సుకుంటవు? నువ్వు సమ్మెల ఉంటివి, పిల్ల చెయ్యి పాయె. నాకు కోపం లేకుండెనా? ఉండె. నీతోని మాట్లాడబుద్ధి గూడ కాకుండె. నేను గంత కష్టపడి చేస్తుంటి, నువ్వు ఒక్కనాడు దవాఖానకు తీస్కపోకపోతివని లోపల్లోపల కుమిలిన. గని నువ్వు కావాల్నని చేసినవా? చెయ్యలేదు. నేనైతే మాఫ్ చేసిన. పో, పోయి అందరితోని కలువు."

చిటికెడు చక్కెర తీసి ఆయన నోటి ముందు పట్టింది.

రామస్వామి కూతురి వైపు చూడలేదు. నోరు తెరిచి ఆ చక్కెర తీసుకున్నాడు. "నీది పెద్ద మనసే అండాలూ" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, అంగీ సర్దుకుని, జంగయ్యను కేకేస్తూ మెట్లు దిగిపోయాడు.

అండాలమ్మ తృప్తిగా ఆయన పోయిన దిక్కు చూసి, ఇంకో చిటికెడు తీసుకుని పెద్దకూతురి వైపు తిరిగింది.

"నువ్వెందుకే ఏడుస్తున్నవు? మంచిరోజు. నోరు తెరువు."

సుచిత్ర నోరు తెరిచింది.