అత్త బతికించుకున్న కారు

కుప్పంలో మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పేపర్లు దిద్దుకుంటూ ఉంటే మదనపల్లె నుంచి, మా అత్త కారు చూసే మెకానిక్ భాయ్ ఫోన్ చేశాడు. ఆయన నాకు ఫోన్ చేసే మనిషి కాదు. "అమ్మా, యాడుండావు? పక్కన ఎవురన్నా ఉండారా?" అని అడిగాడు. ఆ అడగడంలోనే నాకు సగం తెలిసిపోయింది. "అక్క పోయింది తల్లీ," అన్నాడు. ఆయన షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది. ఫోన్ పెట్టేయాలని ఇద్దరికీ తోచలేదు.

పోయింది మా మేనత్త. మా నాన్నకు అక్క. పుంగనూరులో ఉండేది. రోజూ తెల్లవారగానే తన పాత డీజిల్ కారు స్టార్టు చేసి, ఇంజను వేడెక్కేదాకా పక్కనే నిలబడి కాఫీ తాగేది. ఆ చప్పుడుకే ఆ వీధిలో సగం మంది నిద్ర లేచేవాళ్లు. ఆ రోజు చప్పుడు రాలేదు. పక్కింటాయన వచ్చి తలుపు తట్టాడు. ఆమె నిద్రలోనే వెళ్లిపోయింది. "కారు సద్దు లేకపోతే ఏందో మాదిరిగా ఉండింది పాపా, అందుకే పొయ్యి సూసినాను," అని ఆయన నాతో అన్నాడు.

ఆ కారు మొదట మామది. పెళ్లిళ్లకు, తిరుమలకు, బెంగళూరు ఆసుపత్రులకు బాడుగకు తిప్పేవాడు. అప్పట్లో అత్తకు కారంటే చిరాకు. మామ చొక్కాలకు పట్టిన డీజిల్ వాసన ఎన్ని నీళ్లలో జాడించినా పోదని సణుగుతూ ఉతికేది. ఎక్కడికైనా కారులో పోదామంటే, "ఆ కంపులో నేను రాను, బస్సులో వస్తా, నువ్వు పో," అనేది. పిల్లలు లేరు వాళ్లకు. సెలవులు వస్తే నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని.

మామకు కిడ్నీలు చెడిపోయాయని తెలిసిన రోజు నుంచి అంతా మారిపోయింది. డయాలసిస్ కోసం మాటిమాటికీ మదనపల్లె పోవాలి. ఆయన ఇక బండి నడపకూడదన్నారు. బస్సులో తీసుకుపోతే వచ్చేటప్పుడు ఆయన సీట్లో కూర్చోలేక పక్కకు ఒరిగిపోయేవాడు. అద్దె డ్రైవరును పెడితే, పెళ్లిళ్ల రోజుల్లో మంచి బేరం దొరికిందని రాకుండా పోయేవాడు. ఇంటి ముందర కారు ఉంది, ఇంట్లో పోవాల్సిన మనిషి ఉన్నాడు, నడపడానికి ఎవరూ లేరు. ఒకరోజు అత్త తాళాలు తీసుకుని మామ ముందు నిలబడింది.

"నేర్పీ."

"నీకా? ఈ వయసులోనా?"

"నేర్పకుంటే నిన్ను ఎత్తుకోని పోవల్ల. అది నా చేత గాదు."

ఊరి బయట ఖాళీ మైదానంలో నేర్చుకుంది. మామ పక్క సీట్లో కూర్చుని చెప్పేవాడు: "క్లచ్చి మెల్లగా వదులుమే. కోడిగుడ్డు మీద కాలు పెట్టినావనుకో." ఆ రోజుల్లో పుంగనూరులో ఆ వయసు ఆడమనిషి కారు నడపడం చాలామందికి వింత. పిల్లలు వెంట పరుగెత్తేవాళ్లు. అత్త చీర కొంగు నడుముకు బిగించి, కళ్లు రోడ్డు మీదనుంచి తిప్పకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా నడిపేది. లైసెన్సు వచ్చిన రోజు గుడికి కాదు, నేరుగా ఆసుపత్రికి పోయింది.

తర్వాత కారు సతాయించడం మొదలుపెట్టింది. బాగా పోతూ పోతూ ఉండగా ఊపిరాడనట్టు రెండు మూడు సార్లు కొట్టుకుని ఆగిపోయేది. మొదటిసారి అలా ఆగినప్పుడు చుట్టూ టమాటా తోటలు తప్ప ఇంకేమీ లేవు. మామ కాళ్లు వాచి ఉన్నాయి, ఆయాసపడుతున్నాడు. కూర్చున్నచోటు నుంచే ఏం చెయ్యాలో చెప్పాడు. అత్త బానెట్ ఎత్తి, ఫిల్టరు మీదున్న స్క్రూ వదులు చేసి, చేత్తో నొక్కే చిన్న పంపును గట్టిపడేదాకా నొక్కింది. నురగ నురగగా డీజిల్ వచ్చింది. నురగ పోయి డీజిల్ మాత్రమే వచ్చాక స్క్రూ బిగించి స్టార్టు చేస్తే అందుకుంది. కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. మళ్లీ అదే పని. ఆసుపత్రికి చేరేసరికి ఆమె చీరంతా డీజిలే. ఏ వాసన గిట్టక బస్సెక్కేదో ఆ వాసనతోనే మామ మంచం పక్కన సాయంత్రం దాకా కూర్చుంది.

అలా పరిచయమయ్యాడు మెకానిక్ భాయ్. మదనపల్లెలో ఆసుపత్రికి దగ్గర్లోనే ఆయన షెడ్డు. మామ డయాలసిస్ మీద ఉన్నంతసేపూ అత్త ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉండేది. డీజిల్ బండి పైపుల్లోకి గాలి దూరితే చాలు, మనిషి గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టే, అని ఆయన చెప్పాడు. ఆ గాలి ఎక్కడినుంచి దూరుతోందో దొరకలేదు. ఫిల్టరు మార్చాడు, రబ్బరు పైపులు మార్చాడు, వాషర్లు మార్చాడు. బాగున్నట్టే ఉండి మళ్లీ ఆగేది. చూసినవాళ్లంతా ఇంజనుకు డీజిల్ కొట్టే పెద్ద పంపు పోయింది, విప్పి బయటి ఊరికి పంపాల్సిందే అన్నారు. పంపితే అది తిరిగి వచ్చేదాకా కారు కదలదు.

"అంతవరకూ ఈయప్పని ఎట్ల తీసుకోని వచ్చేది భాయ్?" అంది అత్త. "పంపు ఆఖర్న సూద్దాం. ముందు సులువుగా సూడగలిగినవన్నీ సూసేద్దాం."

భాయ్ ఇంజనుకు వచ్చే డీజిల్ పైపులో ఒక ముక్క తీసేసి, దాని స్థానంలో లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ గొట్టం పెట్టాడు. ఆ తర్వాత కారు ఆగినప్పుడల్లా అత్త దిగి ఆ గొట్టంలోకి చూసేది. బుడగలు కనిపించేవి. గాలి ట్యాంకు వైపు నుంచే వస్తోందని అలా తెలిసింది. కానీ కొన్ని రోజులు వచ్చి, కొన్ని రోజులు ఎందుకు రాదు?

అప్పుడే మా పాపకు నామకరణం జరిగింది. అత్త, మామ కారులోనే కుప్పం వచ్చారు. వచ్చేటప్పుడు ఎక్కడా ఆగలేదట. తిరిగి పోయేటప్పుడు పలమనేరు దాటగానే ఆగింది. నామకరణానికి రాలేకపోయిన మా అమ్మను చూడ్డానికి నేనూ పాపతో వాళ్ల కారులోనే పోతున్నాను. అత్త రోడ్డు పక్కన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "పాపా, ఈ కారు కుప్పం వచ్చేటప్పుడు ఆగలా, పొయ్యేటప్పుడు ఆగతాండాది. యాల?" అంది.

"మేనకోడలి ఊరు వదిలి రావాలంటే దానికి ఇష్టం లేదేమోమ్మే," అన్నాడు మామ లోపలి నుంచి. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

అత్త నవ్వలేదు. ముందుకు వంగి డీజిల్ ముల్లు వైపు చూసింది. "వచ్చేటప్పుడు నిండుగా పోయించినా," అంది మెల్లగా. "ఇప్పుడు సగానికి తక్కువుండాది. నిండుగా ఉంటే రాని గాలి, తగ్గితే వస్తాండాది." భాయ్‌కి అక్కడినుంచే ఫోన్ చేసింది. మర్నాడే భాయ్ ట్యాంకు దించాడు. లోపల డీజిల్ పీల్చే ఇనుప గొట్టం మధ్యలో వెంట్రుకంత చీలిక. డీజిల్ ఆ చీలిక పైదాకా ఉన్నంతసేపూ బాధలేదు, దాని కిందికి దిగితే గాలి పీల్చేది. కొత్త గొట్టం బిగించాడు, అంతే. ఇంటికి వచ్చేదారిలో అత్త కారు ఆపి, కారణం లేకుండా, ఊరికే మామ చేయి పట్టుకుని కూర్చుందట. ఈ మాట మామే నాకు చెప్పాడు.

ఆ తర్వాత ఆమె ఆ కారుకు చేయించని పని లేదు. ప్రతి పనికీ ఒక కారణం ఉండేది, ఆ కారణం మామే. గుంటలో పడితే ఆయనకు నొప్పి అని షాక్ అబ్జార్బర్లు మార్పించింది. డయాలసిస్ అయ్యాక ఆయన పడుకోవాలని, పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి, వెనక్కి పూర్తిగా వాలే ముందు సీటు ఒకటి తెచ్చి బిగించింది. దానికి పట్టాలు సరిపోకపోతే భాయ్ కొత్త రంధ్రాలు వేశాడు. తన భుజం నొప్పిపెట్టి స్టీరింగు తిప్పలేకపోయినప్పుడు, వేరే బండి నుంచి పవర్ స్టీరింగు తెచ్చి పెట్టించింది. అదైనా తనకోసమా అంటే, "నా భుజం పోతే ఆయప్పను తెచ్చేదెవురు?" అంది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కారుకు ఏ పని చేయించినా నాకు ఫోన్ చేసి, "విను పాపా," అని ఫోన్ బానెట్ దగ్గర పెట్టేది. నాకు ఏమీ తెలిసేది కాదు. గడగడా ఒకటే చప్పుడు. "బాగుంది అత్తా," అనేదాన్ని. "బాగుండాది గదా!" అని మురిసిపోయేది. కొన్నిసార్లు క్లాసుకు ఆలస్యమవుతూ ఉన్నా వినేదాన్ని. ఇప్పుడు కుప్పం వీధుల్లో ఏ పాత డీజిల్ బండి చప్పుడు వినిపించినా నా కాళ్లు ఆగిపోతున్నాయి.

మామ ఆ వాలే సీట్లో చాలా కాలమే ప్రయాణం చేశాడు. డాక్టర్లు అనుకున్నదానికంటే ఎక్కువ కాలమే. ఆయన పోయాక, కారు అమ్మేయమని అందరూ చెప్పారు. నేనూ చెప్పాను. అత్త రోజూ పొద్దున స్టార్టు చేస్తూనే ఉంది. ఒకరోజు మామూలుగా డయాలసిస్‌కి పోయే వేళకు, ఏం తోచక, మదనపల్లె దారిలో బయలుదేరిందట. బస్టాండు దగ్గర, ఆసుపత్రిలో మామ పక్క మంచంలో ఉండే ఆయన, భార్య భుజం పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నాడు. కారు ఆపి ఎక్కించుకుంది. అప్పటినుంచి తను పోయే ముందు వారం దాకా ఆ దారి మానలేదు. ఒకరు పోతే ఇంకొకరు. వెనక సీటుకూ బెల్టులు పెట్టించింది, పొగమంచు రోజుల కోసం పసుపు దీపాలు పెట్టించింది.

"నీకెందుకత్తా ఈ తిరుగుడు? ఇంట్లో ఉండొచ్చు కదా," అన్నాను ఒకసారి.

"ఉండల్లనే అనుకుంటా పాపా. ఆసుపత్రికి పొయ్యే రోజు వస్తే మాత్రం ఇంట్లో నిలబడలేను. మీ మామ ఆడ ఎదురుసూస్తా ఉంటాడని అనిపిస్తాది. ఆడికి పోతే ఉండడు. ఉండడని తెలుసు. అయినా పోవల్లనిపిస్తాది."

ఇప్పుడు ఆ మాట నాకు బాగా అర్థమవుతోంది.

ఆ బస్టాండు దగ్గర ఎక్కినాయన భార్యకే ఆమె ఈ మధ్య కారు నేర్పింది. "కోడిగుడ్డు మీద కాలు పెట్టినావనుకో," అని మామ మాటే చెప్పేదట. "నాకు రాదక్కా అంటే, నాకూ రాలేదు, నువ్వూ ఏడ్సుకుంటా నేర్సుకో అనింది," అని ఆ అమ్మాయి అంత్యక్రియల రోజు నా చేయి పట్టుకుని చెప్పింది. ఆమె భర్త డయాలసిస్ సూదులు తీసిన చేతికి కట్టుతోనే ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చాడు. భాయ్ కారు పక్కనే నిలబడ్డాడు, ఇంట్లోకి రాలేదు. ఎంతసేపటికో బానెట్ మీద చెయ్యి వేసి, "అక్కకి ఏ సిన్న సద్దు తేడా వచ్చినా తెలిసేది. తన గుండె సంగతి మాత్రం తెలియకపాయ," అన్నాడు.

కారు ఆ అమ్మాయికే ఇద్దామని నిర్ణయించాం. ఇచ్చే ముందు బ్రేకులు ఒకసారి చూస్తానని భాయ్ అన్నాడు. కర్మలు ముగిసిన మర్నాడు మధ్యాహ్నం నేనే పుంగనూరు నుంచి మదనపల్లెకు నడుపుకుంటూ పోయాను. నాతో ఎవరూ లేరు. ఎండ బాగా కాస్తోంది. స్టీరింగు కింద అత్త బిగించుకున్న స్విచ్చులు వరసగా ఉన్నాయి. దేని పైనా ఏమీ రాసి లేదు, ఆమె చేతికి తెలుసు కాబట్టి. దుమ్ము రేపుతూ ఎదురుగా లారీ వస్తుంటే, అద్దం మీద నీళ్లు చల్లుదామని ఒకటి నొక్కాను. నీళ్లు రాలేదు. నా వెనక ఏదో సన్నగా తిరగడం మొదలుపెట్టింది.

అద్దంలో చూశాను. పైకప్పుకు బిగించిన చిన్న ఫ్యాను. వెనక సీట్లో తల వాల్చుకుని పడుకునేవాళ్ల ముఖానికి తగిలేట్టు వంచి పెట్టి ఉంది. ఖాళీ సీటు మీద ఎవరో వదిలిపోయిన తువ్వాలు అంచు ఆ గాలికి కొద్దికొద్దిగా లేస్తూ, పడుతూ ఉంది. మదనపల్లె చేరేదాకా నేను ఆ ఫ్యాను ఆపలేదు.