ఫెలిమోన్ నడవని అర కిలోమీటరు

రోడ్డు మీద నడిస్తే జీతం ఇస్తారని విన్నప్పుడు ఫెలిమోన్ వాకత్‌కి మొదట నవ్వొచ్చింది. అప్పటికి అతనికి ముప్పై ఒక్క ఏళ్లు. బెంగెట్ కొండల్లో పుట్టి, క్యాబేజీ తోటల్లో బుట్టలు మోసి పెరిగిన మనిషి. నడక అంటే అతనికి ఊపిరి పీల్చడం లాంటిదే.

"రోజూ నాలుగు కిలోమీటర్లు ఆ చివర నుంచి ఈ చివరికి నడవాలట. పార, కొడవలి వాళ్లే ఇస్తారట," అని ఇంటికొచ్చి భార్య బెనీటాతో చెప్పాడు.

"కొడవలి ఇచ్చారంటే ఊరికే నడవమని కాదు. ఏం కొయ్యాలో అడిగావా?" అంది బెనీటా చిలగడదుంపలు కడుగుతూ.

అడగలేదు. తర్వాత నేర్చుకున్నాడు. మలుపు అవతల నుంచి వచ్చే బండి కనపడేలా గడ్డి కోసెయ్యాలి. కొండ మీంచి దొర్లిన రాళ్లు తియ్యాలి. కాలువలో ఆకులు అడ్డం పడితే నీళ్లు రోడ్డు మీదికి ఎక్కుతాయి గనక ఎప్పటికప్పుడు లాగెయ్యాలి. లోయ వైపు ఇనుప కంచె స్తంభాల్ని ఒక్కొక్కటే పట్టుకుని ఊపి చూడాలి. ఇలాంటి రోడ్డు మనిషిని అక్కడ కమినేరో అంటారు. సాయంత్రం తన పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, 'మొత్తం చూశాను' అని రాసి సంతకం పెడితే కమినేరో పని అయినట్టు.

అతనికి పని నేర్పిన ముసలి కమినేరో ఒకే ఒక్క మాట పదేపదే చెప్పేవాడు. "రోడ్డు పైన చూసేది డ్రైవర్లు. నువ్వు కింద చూడు. ఇది కూలేటప్పుడు కింది నుంచే కూలుతుంది."

పన్నెండేళ్లు ఫెలిమోన్ కిందే చూశాడు. ఆ పన్నెండేళ్లలో అతని నాలుగు కిలోమీటర్లలో ఒక్క ప్రాణం పోలేదు. ఊళ్ల మధ్య జనాన్ని తిప్పే జీప్నీ బళ్ల డ్రైవర్లందరికీ అతను తెలుసు. వాళ్లలో సెగుండో బయెంగ్ అనే ఆయన మరీ చనువుగా ఉండేవాడు. రోజూ పొద్దున పదిహేను మందిని ఎక్కించుకుని కిందికి దిగుతూ, బండి ఆపకుండానే, "మనొంగ్ ఫెలిమోన్, రోడ్డుకి దువ్వెన పెట్టావా?" అని అరిచేవాడు. మనొంగ్ అంటే అక్కడ అన్న అని. "పెట్టాను, నీ నెత్తికే పెట్టలేదు," అని ఇతను జవాబిచ్చేవాడు. సెగుండోకి బట్టతల.

ఆ ఏడు జూలైలో తుపాను మూడు రోజులు కదల్లేదు. మూడో రోజు ఫెలిమోన్ ఉదయం బయల్దేరి, రెండు చోట్ల మట్టి తీసి, మూడు చోట్ల కాలువలు లాగి, మధ్యాహ్నం మూడింటికి ఎముకల్లోకి చలి దిగిన స్థితిలో తన ముక్క చివర ఉన్న టాబియో మలుపుకి అర కిలోమీటరు ఇవతలికి వచ్చాడు. మోకాలు లాగేస్తోంది. ఎదురుగా కూరగాయల లారీ ఒకటి ఆగింది. తెలిసిన డ్రైవరే.

"ఈ వానలో ఏం చూస్తావ్ మనొంగ్? నీ ముక్కు నీకే కనపడదు. ఎక్కు."

ఫెలిమోన్ మలుపు వైపు ఒకసారి చూశాడు. పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు. రేపు పొద్దున్నే అక్కణ్ణించే మొదలుపెడదాం అనుకుని లారీ ఎక్కాడు. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర చేతులు కాచుకుని, పుస్తకం తీసి, పన్నెండేళ్లుగా రాసిన మాటే రాశాడు. 'మొత్తం చూశాను.'

మర్నాడు ఉదయం ఆరున్నరకి టాబియో మలుపు దగ్గర సెగుండో జీప్నీ ఎదురొచ్చిన లారీకి దారి ఇస్తూ లోయ వైపు జరిగి కంచెకి ఆనుకుంది. కంచె అరటాకు వంగినట్టు వంగిపోయింది. జీప్నీ నలభై మీటర్లు కిందికి దొర్లింది.

తాళ్లు పట్టుకుని కిందికి దిగిన వాళ్లలో ఫెలిమోన్ కూడా ఉన్నాడు. పదమూడు మందిని బతికుండగా పైకి తెచ్చారు. బడి పంతులమ్మ ఒకామె, మనవడి పెళ్లికి పోతున్న ముసలి రైతు ఒకడు, సెగుండో, ముగ్గురూ అక్కడే పోయారు. ఫెలిమోన్ పైకి ఎక్కొచ్చాక కంచె దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. నాలుగు స్తంభాల కింద మట్టే లేదు. కాంక్రీటు పాదాలు గాల్లో వేలాడుతున్నాయి.

వారంలో విచారణ అయిపోయింది. వచ్చిన అధికారులు అతని పుస్తకం అడిగి తీసుకున్నారు. ముందు రోజు సాయంత్రం దాకా కంచె బాగానే ఉందని ఆ పుస్తకమే సాక్ష్యం చెప్పింది. బాగున్న కంచె ఊరికే విరగదు గనక, జీప్నీ వేగంగా వచ్చి గుద్ది ఉంటుందనీ, ఆ గుద్దుకే మట్టి కూడా జారి ఉంటుందనీ కాగితం మీద పెట్టారు. తప్పు డ్రైవరుది.

ఆ మాట కొండెక్కి ఊళ్లోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. సంతలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఫెలిమోన్ చెవిన పడింది. "సెగుండో ముందు రాత్రి తాగాడటగా." "తాగకపోతే కంచెలోంచి పోతాడా?"

సెగుండో మందు ముట్టడని ఆ ఇద్దరికీ తెలుసు. ఫెలిమోన్‌కీ తెలుసు. అయినా సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు.

పదకొండు రోజులు అన్నం సగంలో వదిలేసి లేచాడు. పన్నెండో రోజు లారీ ఎక్కిన సంగతి బెనీటాతో చెప్పేశాడు. ముగ్గురు పిల్లలు, చిన్నదానికి ఇంకా ఆరేళ్లు. ఉద్యోగం పోతే మళ్లీ క్యాబేజీ బుట్టలే.

"పై వాళ్లకి చెప్పొద్దని అంటావా?" అన్నాడు.

"అనాలనే ఉంది," అంది బెనీటా. "కానీ పదకొండు రోజుల్నుంచి ఈ ఇంట్లో నువ్వు లేవు. చొక్కా ఒకటి తిరుగుతోంది. పోయి చెప్పు."

జిల్లా కేంద్రంలో ఇంజనీరు లుమాస్ అనే ఆవిడ కూర్చునేది. నడివయసు మనిషి, పొడిగా మాట్లాడుతుంది. ఫెలిమోన్ టోపీ చేతిలో నలుపుతూ నిలబడే చెప్పాడు.

"కేసు మూసేశారయ్యా," అందావిడ. "నువ్వు ఇప్పుడు ఇది చెప్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసమ్మగారూ."

"నువ్వు నడిచి ఉంటే కనపడేదా? ఖచ్చితంగా చెప్పగలవా?"

ఆ ప్రశ్న అతను పదకొండు రోజులుగా తనకి తానే వేసుకుంటున్నాడు. "చెప్పలేను. మధ్యాహ్నానికే మట్టి జారి ఉండొచ్చు. తెల్లారుజామున జారి ఉండొచ్చు. నడిచి ఉంటే తెలిసేది. నడవలేదు. చూశానని రాశాను. ఆ రాత వల్ల సెగుండో తాగుబోతయ్యాడు."

ఇంజనీరు కాగితం అతని వైపు తోసింది. "ఇదంతా రాయి. నీ చేత్తోనే రాయి. నేను ఒక్క అక్షరం మార్చను."

రాశాడు. విచారణ మళ్లీ తెరిచారు. సెగుండో మీద మాట కొట్టేశారు. ఫెలిమోన్‌ని ఆరు నెలలు జీతం లేకుండా పక్కన పెట్టారు. తీసెయ్యకపోవడానికి కారణం, తానుగా వచ్చి చెప్పాడని ఇంజనీరు రాసిన నాలుగు వాక్యాలే అన్నారు.

కాగితం మీద చెప్పడం ఒక ఎత్తు. మనుషులకి చెప్పడం ఇంకో ఎత్తు. ఊరి పెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకుని మూడిళ్లకీ వెళ్లాడు. పంతులమ్మ భర్త విని, ఏడ్చి, పిల్లల్ని తీసుకుని బాగియో పట్నం వెళ్లిపోతున్నానని చెప్పాడు. ముసలి రైతు ఇంట్లో పెద్దకొడుకు పెద్దలతో మాట్లాడి, ఆచారం ప్రకారం పంది తెమ్మన్నాడు. తెచ్చాడు. పెద్దాయన పోయినవాళ్ల పేర్లు పిలిచి ప్రార్థన చేశాడు. అందరూ కలిసి తిన్నారు. ఆ ఇంటితో ఏదో ఒకటి సర్దుకుంది.

సెగుండో భార్య ఎపిఫానియా మాత్రం అరుగు మీదే అడ్డంగా నిలబడింది. వెనక పద్నాలుగేళ్ల కూతురు జోవిటా.

"పంది తెచ్చావా?" అంది ఎపిఫానియా.

"తెస్తాను అక్కా. మీరు ఎప్పుడంటే అప్పుడు."

"వద్దు. నీతో కూర్చుని తింటే ఇది తీరిపోయిందని అందరూ అంటారు. నాకు తీరలేదు. తాగుబోతు పెళ్లాం అని నన్ను ఇరవై రోజులు అన్నారు. మా ఆయన్ని పూడ్చిన రోజు నువ్వు కూడా మట్టి వేశావు. అప్పటికి నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఇంక ఈ గడప దగ్గరికి రాకు."

అతను వెళ్లలేదు. ఆ ఆరు నెలలూ మామగారి తోటలో క్యారెట్లు పీకాడు. తిరిగి పనిలో చేరిన మొదటి రోజు నేరుగా టాబియో మలుపుకి వెళ్లి కొత్త కంచె స్తంభాలు పదహారూ ఊపి చూసి, అక్కణ్ణించి నడక మొదలుపెట్టాడు.

కానీ ఒక ఆలోచన అతన్ని వదల్లేదు. పన్నెండేళ్లు నిజాయితీగా నడిచిన మనిషి ఒక్క మధ్యాహ్నం లారీ ఎక్కగలిగాడు. అంటే ఎవరైనా ఎక్కగలరు. ఇంజనీరు దగ్గరికి వెళ్లి చెప్పాడు: పక్కపక్క ముక్కల కమినేరోలిద్దరూ రోజూ హద్దు దగ్గర కలుసుకోవాలి. నడిచేటప్పుడు పట్టుకునే చేతికర్ర ఒకరిది ఒకరికి ఇవ్వాలి. అవతలివాడి కర్ర చేతిలో లేకపోతే పుస్తకంలో సంతకం చెల్లదు.

తోటివాళ్లు మండిపడ్డారు. "నువ్వు ఎగ్గొట్టి మమ్మల్ని నడిపిస్తావా? భలే ఉందయ్యా!" అని ఒకడు. "పోనీ, కర్రతో పాటు ముద్దు కూడా ఇచ్చుకోమంటావా?" అని ఇంకొకడు. అయినా ఇంజనీరు ఒప్పుకుంది. వానాకాలానికి ముందే ఆ పద్ధతి ఆ కొండ రోడ్డంతా అమల్లోకి వచ్చింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. టాబియో మలుపు అవతలి ముక్క చూసే ముసలాయన మానేశాడు. కొత్త మనిషి వస్తోందని చెప్పారు. మొదటి రోజు హద్దురాయి దగ్గరికి పొడుగు బూట్లు, పసుపు కోటు వేసుకుని వచ్చిన ఆ పిల్లని చూసి ఫెలిమోన్ అడుగు పడక నిలబడిపోయాడు. జోవిటా. సెగుండో కళ్లే.

ఆమె కర్ర చాపింది. ఇతను తన కర్ర ఇచ్చాడు. మాట లేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. రెండో రోజూ అంతే. ఏడాదిన్నర పాటు అంతే. ఎండైనా వానైనా పదిన్నరకి ఆ పిల్ల అక్కడ ఉండేది. ఒక్కోసారి అతని కంటే ముందే వచ్చి కంచె స్తంభాలు ఊపుతూ కనపడేది. అతను తన వైపు అప్పుడే ఊపి వచ్చినవి కూడా మళ్లీ ఊపేది. ఆమె ఊపుతుంటే ఫెలిమోన్ పక్కన నిలబడి చూసేవాడు. ఆ హక్కు ఆమెకి ఉందనుకునేవాడు.

"ఎలా ఉంటావ్ రోజూ ఆ పిల్ల ఎదట?" అని బెనీటా అడిగింది ఒకసారి.

"మొదట్లో పదిన్నర అవుతుందంటే భయం వేసేది. ఇప్పుడు, రాకపోతే వేస్తుందేమో," అన్నాడు.

ఆ సెప్టెంబరులో ఒక రోజు రాలేదు. నాలుగు రోజుల వాన తర్వాత కాస్త తెరిపి ఇచ్చిన పొద్దు. పదిన్నర అయింది. పావు తక్కువ పదకొండు. ఫెలిమోన్ హద్దురాయి దాటి ఆమె ముక్కలోకి నడిచాడు. నొప్పి మోకాలితో పరుగు లాంటి నడక. రెండు మలుపుల తర్వాత కనపడింది. రోడ్డు మధ్యలో పసుపు కోటు విప్పి రెండు చేతులతో పైకెత్తి ఊపుతోంది. అవతల ఒక బస్సు, రెండు లారీలు ఆగి ఉన్నాయి. బస్సు డ్రైవరు కిందికి దిగి కేకలేస్తున్నాడు.

"చిన్న పగులుకి అరగంట ఆపుతావా అమ్మాయ్? జనానికి పనుల్లేవా?"

"మీరు వెళ్లాలంటే నా మీంచి వెళ్లండి," అంటోంది జోవిటా. గొంతు బొంగురుపోయింది.

ఫెలిమోన్ పగులు చూశాడు. వేలు పట్టేంత. లోయ వైపు అంచుకి వెళ్లి, బోర్లా పడుకుని, తల కిందికి పెట్టి చూశాడు. గోడ రాళ్ల మధ్యలోంచి బురద నీళ్లు ఊటలా కారుతున్నాయి. లేచి బస్సు డ్రైవరు దగ్గరికి వెళ్లాడు.

"బండి వెనక్కి తియ్యి తమ్ముడూ. ముందు జనాన్ని దించు. తిట్టాలనుకుంటే దించాక నన్ను తిట్టు."

తెల్లజుట్టు చూసో, ఆ గొంతు వినో డ్రైవరు దించాడు. ఇవతలి వైపు బళ్లని ఫెలిమోన్, అవతలి వైపు జోవిటా ఆపారు. పన్నెండింటికి కొంచెం ముందు రోడ్డు ఒక పెద్ద నిట్టూర్పు లాంటి చప్పుడు చేసి, ఇరవై మీటర్ల మేర సగానికి చీలి లోయలోకి వెళ్లిపోయింది. కంచె, స్తంభాలు, అన్నీ. ఎవ్వరికీ చిన్న గీత కూడా పడలేదు. బస్సు డ్రైవరు దిగిన జనాన్ని ఒక్కొక్కర్నీ లెక్కపెట్టుకున్నాడు.

యంత్రాలు వచ్చాక, మిగిలిన సగం రోడ్డు పక్క నుంచి నడిచి జోవిటా ఇతని దగ్గరికి వచ్చింది. ఇద్దరూ కాలువ గట్టు మీద కూర్చున్నారు. బట్టలు తడిసి ముద్దయ్యాయి.

"తొమ్మిదిన్నరకి నేను ఇక్కడే నడిచాను," అంది. అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "కింద వంగి కూడా చూశాను. గోడ పొడిగా ఉంది. పగులు లేదు. అట్నుంచి పక్క మలుపు దాకా వెళ్లి పదిహేను నిమిషాల్లో తిరిగొస్తే ఉంది."

ఫెలిమోన్ మోకాలు నిమురుకుంటూ విన్నాడు.

"అంటే ఆ రోజు మీరు నడిచినా కనపడకపోయి ఉండొచ్చు."

"ఉండొచ్చు. కనపడి కూడా ఉండొచ్చు."

"తెలుసు," అంది జోవిటా. కోటు పిండుకుంటూ లోయ వైపు చూసింది. "మిమ్మల్ని ద్వేషించడానికే ఈ ఉద్యోగంలో చేరాను మనొంగ్. రోజూ మీ మొహం ఎదట నిలబడాలని. మీరు ఒక్క రోజైనా రాకపోతే పై వాళ్లకి రాసి పారెయ్యాలని. మీరు ఒక్క రోజూ మానలేదు. నాకు ఎంత కోపం వచ్చేదో."

నవ్వబోయి ఆమె ఏడ్చింది. ఫెలిమోన్ తన అన్నం డబ్బా తెరిచి మధ్యలో పెట్టాడు. బెనీటా పెట్టిన అన్నం, ఎండబెట్టిన పంది మాంసం. ఆమె కాసేపు దాని వంక చూసి, ఒక ముక్క తీసుకుంది.

"ఇది తిన్నానని మా అమ్మకి చెప్పను," అంది. "ఇవాళ పగులు సంగతి మాత్రం చెప్తాను."

ఎపిఫానియా ఏమందో ఫెలిమోన్‌కి ఎప్పటికీ తెలియలేదు. ఆమె పిలవలేదు, అతను వెళ్లలేదు. మరో ఐదేళ్లకి పని నుంచి దిగిపోయాడు. ఇప్పుడు జోవిటా ఆ జిల్లాలో కొత్త కమినేరోలకి పని నేర్పుతుంది. పుస్తకంలో 'చూశాను' అన్న మాట ఒక్కటే రాయనివ్వదు. ఎన్ని గంటలకి చూశావో, ఏం చూశావో, ఎక్కడ చూడలేకపోయావో కూడా రాయమంటుంది. చూడలేకపోయానని రాసినవాణ్ణి ఆమె ఇంతవరకు ఒక్కసారి కూడా తిట్టలేదు.