పేరూ ఊరూ ఉన్న బ్యాడ్జి

రెండువేల దశకం తొలి సంవత్సరాల్లో, బెంగళూరులోని ఒక ప్రసూతి ఆసుపత్రి పరిశోధన విభాగంలో సీనియర్ నర్సుగా ఉన్నప్పుడు, హెచ్‌ఐవీ పరిశోధనల సదస్సుకు నన్ను నమోదు కమిటీలో వేశారు. మిగతా సభ్యులంతా డాక్టర్లు. నర్సును నేనొక్కదాన్నే.

సదస్సుకు ఎవరు రావచ్చన్నది మేమే తేల్చాలి. వైద్యులు, ల్యాబు సిబ్బంది, నర్సులు, వైద్య విద్యార్థులు రావచ్చు. ఒక్కో వర్గానికి ఒక్కో రంగు బ్యాడ్జి ఇవ్వడం అప్పటి ఆనవాయితీ.

మా విభాగం కూడా అక్కడ ఒక పత్రం సమర్పిస్తోంది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులకు కాన్పు సమయంలో మందు ఇస్తే, బిడ్డకు సోకకుండా ఎంతవరకు ఆపగలమన్నది అందులో విషయం. ఆ అధ్యయనంలో చేరిన తల్లుల్లో రత్నమ్మ ఒకరు. కదిరి వైపు నుంచి వచ్చి బెంగళూరు శివారు పారిశ్రామికవాడ పీణ్యలో, బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. ఆమె కొడుక్కి వైరస్ సోకలేదని చెప్పింది నేనే.

సదస్సు సంగతి తెలిసి ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, మా నెత్తురూ, మా బిడ్డల నెత్తురూ ఇచ్చినాము గదా. అందరికీ కలిపి ఏం తేలిందో ఆడ చెప్తారంట. నేనూ వచ్చి వింటా. మిగతా తల్లులకు పోయి చెప్పల్ల."

కమిటీలో ఈ మాట పెట్టాను. అధ్యక్షులైన మా ప్రొఫెసరు గారు ఒప్పుకోలేదు. రోగులు ఎదురుగా ఉంటే వక్తలు నిర్మొహమాటంగా మాట్లాడలేరన్నారు. పత్రికల ఫొటోగ్రాఫర్లు వస్తారు, ఆమె గుట్టు బయటపడితే బాధ్యత ఎవరిదని కూడా అడిగారు. ఆ రెండో ప్రశ్న న్యాయమైనదే. చాలాసేపు వాదించాక, పసుపు బ్యాడ్జి మీద 'రోగి ప్రతినిధి' అని రాసి రానిద్దామన్నారు. గెలిచాననుకున్నాను.

రత్నమ్మకు చెబితే ముఖం మాడిపోయింది. "జబ్బును మెడకు తగిలించుకోని రావల్లనా? ఫ్యాక్టరీలో ఒక్కరికి తెలిసినా నా పని పోతాది. నేనొచ్చేది వినేకి, చూపించుకునేకి కాదు."

మరుసటి సమావేశంలో కొత్త ప్రతిపాదన పెట్టాను. అందరికీ ఒకే రంగు బ్యాడ్జి, దాని మీద పేరూ ఊరూ మాత్రమే. హాలులోకి కెమెరాలు రాకూడదు. అలాగైతే ప్రొఫెసరెవరో ఎలా తెలుస్తుందని ఒక డాక్టరు అడిగారు. మాట్లాడితే తెలుస్తుంది సార్ అన్నాను. ప్రొఫెసరు గారు నవ్వేసి, ముందు తన బ్యాడ్జి మీదే హోదా తీసెయ్యమన్నారు.

సదస్సులో రత్నమ్మ నా పక్కనే కూర్చుంది. ప్రొఫెసరు గారు ఇంగ్లీషులో పత్రం చదువుతుంటే నేను తెలుగులో మెల్లగా చెబుతూ వచ్చాను. ఎక్కువమంది పిల్లలకు సోకలేదని విన్నప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రశ్నల సమయం రాగానే లేచి నిలబడి, మందు ఇచ్చినా సోకిన పిల్లల్ని ఇకమీదట ఎవరు చూసుకుంటారని కన్నడంలో అడిగింది.

అది అధ్యయనం పరిధిలో లేదని ప్రొఫెసరు గారు కన్నడంలోనే ఒప్పుకున్నారు. ఉండాల్సిందని కూడా అన్నారు. విరామంలో ఎవరో ఆమెను ఏ సంస్థ నుంచి వచ్చారని ఇంగ్లీషులో అడిగితే "పీణ్య" అని చెప్పి టీ తాగింది.

కొద్ది నెలల్లో ఆ పిల్లల కోసం మా ఆసుపత్రిలో వారానికోసారి క్లినిక్ మొదలైంది. దాని బాధ్యత నాకిచ్చారు. నా ఉద్యోగంలో నేను అన్నిటికన్నా గర్వంగా చెప్పుకునే పని అదే.

మనిషిని లోపలికి రానివ్వడం ఒక నిర్ణయం, ఏ పేరుతో రానిస్తామన్నది మరొకటి. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి కమిటీలోనూ ఆ రెంటినీ కలిపే తేల్చాలని పట్టుబట్టాను.